పదకొండు అడుగుల బరువు

ధబ్బుమని ఒక దెబ్బ, దానికి జవాబుగా ఒక తుమ్ము. మళ్లీ దెబ్బ, మళ్లీ తుమ్ము. నాటకశాల వెనక పెరట్లో, రెండు ఇనుప స్తంభాల మధ్య తాడు మీద వేలాడుతున్న పదిహేను గజాల నల్ల గుడ్డను అతను కర్రతో బాదుతున్నాడు. నిన్నటి ఆటలో అది మింగిన దుమ్మంతా ఇప్పుడు కక్కుతోంది. పదకొండు గంటల ఎండలో ఆ దుమ్ము బంగారంలా మెరుస్తుంది గానీ, ముక్కులోకి వెళ్లాక మాత్రం వట్టి దుమ్మే.

అతన్ని అక్కడ అందరూ ‘బరువు’ అంటారు. పేరులో ఉన్నంత బరువు ఒంట్లో లేదు. నిండా తడిపి తూచినా యాభై కిలోలు దాటడు. పేరు ఒంటిని బట్టి కాదు, ఉద్యోగాన్ని బట్టి వచ్చింది. నాటకం చివరి అంకంలో, రాజ్యం పోయిన రాజు సింహాసనం దగ్గర్నుంచి కోట తలుపు దాకా పదకొండు అడుగులు నడుస్తాడు. భుజాలకు కట్టిన ఈ నల్ల వస్త్రం అతని వెనక నేలంతా పరుచుకుని ఉంటుంది. దాని కింద బోర్లా పడుకుని, రాజు ముందుకు వేసే ప్రతి అడుగునూ వెనక్కి లాగడం ఇతని పని. వరదొచ్చిన నాడు కోట తలుపులు మూయించి, బయట నిలబడి తలుపు తట్టిన సొంత జనాన్ని నీళ్లకు వదిలేసినవాడు ఆ రాజు. అంత పాపానికి తూకం ఉండాలి కదా, ఆ తూకం ఇతను. పంతొమ్మిదేళ్లుగా లాగు తొడుక్కుని లాగుతూనే ఉన్నాడు. రాజు అడుగు వేస్తుంటే అడుగున ఉన్నదెవరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కరపత్రంలో అతనికి పాత్ర లేదు. ఇంట్లో పాత్రలకు కొదవ లేదు గానీ, అవి భార్య అప్పగిస్తే తప్ప ముట్టుకోడు.

ఆ భార్య పక్క వీధిలో బట్టల కార్ఖానాలో గుండీలు కుడుతుంది. నాటకం ఒక్కసారే చూసింది. ఆట అయ్యాక బయటికొచ్చి, “నువ్వు తప్ప అందరూ బాగా చేశారయ్యా” అంది.

“నేను కనపడకపోతేనే బాగా చేసినట్టు.”

“ఓహో, అయితే ఇంట్లో పనున్నప్పుడల్లా బ్రహ్మాండంగా చేస్తున్నావన్నమాట!”

ఇవాళ అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, తాడు మీది గుడ్డ అంచును వేళ్లతో తడుముతూ అటు చివరి దాకా నడిచింది. బరువు పట్టుకుని లాగే చోట పూర్వం నెలకోసారి అంచు చిరిగేది. ఆవిడే కుట్టేది.

“రెండేళ్లయింది ఇది చిరిగి. గుడ్డ బలిసిందా, నువ్వు చిక్కావా?”

అతను తుమ్మాడు.

“సరేలే, తుమ్మి తప్పించుకో” అని ఆవిడ వెళ్లిపోయింది.

తప్పించుకోవలసిన సంగతి ఉంది మరి. రాజు వేషం వేసే పెద్దాయనకు డెబ్బై నాలుగు దాటాయి. ఆయన్ను వేషంలో ఉన్నా లేకపోయినా అందరూ రాజుగారనే పిలుస్తారు. జనం ఆ రాజు ముఖం చూసి ఏడుస్తారు. బరువుకు ముఖం కనపడదు, చీకట్లో గుడ్డ సందులోంచి రెండు మడమలు కనపడతాయి. మడమ తిప్పని రాజులు కథల్లో చాలామంది ఉన్నారు. మడమలు తప్ప మరేమీ చూపించని రాజు మాత్రం అతనికి ఈయనొక్కడే. ఆ మడమల పగుళ్లన్నీ కంఠస్థం. ముఖం నటిస్తుంది, గొంతు నటిస్తుంది, మడమకు నటించడం రాదు. రెండేళ్ల కిందట నాలుగో అడుగులో ఆ మడమ వణికింది. బరువు పట్టు వదిలేశాడు. మరికొన్నాళ్లకు మడమ వెనక్కి జారబోతే తన ముంజేతిని అడ్డం పెట్టాడు. అప్పట్నుంచి ప్రతి ఆటలోనూ అంతే. గుడ్డను ముందుకు తోస్తూ, మడమ వెనక చెయ్యి ఆనిస్తూ, పాపమే పాపమని జాలిపడి రాజును తలుపు దాకా దిగబెడుతోంది. ఎవరికీ చెప్పలేదు.

గుడ్డ మడిచి భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు. ఆ రంగస్థలం మీద తిన్నగా ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. గోడలు తూలుతుంటాయి. కిటికీలు కత్తిమొనల్లా ఉంటాయి. నీడలు దీపాల వల్ల పడవు, నేల మీద రంగుతో గీసి ఉంటాయి, మనిషి పక్కకు జరిగినా అవి జరగవు. సింహాసనం నిచ్చెనంత పొడుగు. తలుపు పైన వెడల్పు, కింద మనిషి పట్టీ పట్టనంత ఇరుకు. దాని దాకా నేలంతా పైకెక్కే వాలు. ఇది ఇల్లు కాదు, రాజు తలకాయ లోపలి భాగం అంటారు. పంతొమ్మిదేళ్లయినా అక్కడికి వచ్చేసరికి బరువు చెప్పులు విడిచే నడుస్తాడు, ఎవరో లోపల నిద్రపోతున్నట్టు.

మేనేజరమ్మ ఎదురొచ్చింది. వేళకు తెర లేపేదీ దించేదీ ఆవిడే.

“రాజుగారికి పొద్దున గుండె పట్టేసిందట. డాక్టరు వెయ్యొద్దన్నాడు. వింటేగా! నువ్వు కాస్త చూసి లాగు.”

“అలాగేనమ్మా.”

మూడింటి ఆటకు రాజుగారు ఒంటిగంటకే వచ్చేశారు. ముఖానికి తెల్ల రంగు, దాని మీద బొగ్గులా నల్లటి కనుబొమ్మలు, కళ్ల చుట్టూ గీతలు, చెవుల దాకా సాగిన నల్ల నోరు. ఆ ముఖంతో కుర్చీలో కూర్చుని, వస్త్రం తెమ్మని అంచు చేతిలోకి తీసుకున్నారు.

“ఏరా బరువూ, ఇది చిరగడం ఎప్పుడు మానేసింది?”

బరువుకు ఈసారి తుమ్ము రాలేదు.

“వాలు మీద నా కాలు జారట్లేదు. పట్టీలేమన్నా కొట్టావా అని వడ్రంగిని అడిగాను. లేదన్నాడు. మరి నా మడమ కింద ఉన్నదేంట్రా?”

“నా చెయ్యండీ.”

“ఎన్నాళ్లనుంచి?”

“రెండేళ్లండీ.”

రాజుగారు అద్దంలో తన నల్ల నోటిని చూసుకున్నారు.

“రెండేళ్లు! జనం చప్పట్లు కొట్టారు, నేను దణ్ణం పెట్టాను. నడిచింది నువ్వు.” గొంతులో కోపం లేదు, అందుకే బరువుకు భయం వేసింది. “ఇవాళ లాగు. మొదటి ఏడాది లాగినట్టు లాగు.”

“డాక్టరు గారు...”

“డాక్టరు ముఖం చూస్తాడ్రా. నువ్వు మడమ చూశావు, నీకు తెలుసు. నేనింకా నడవగలనో లేదో నాకు తెలియాలి. తెలియకుండా పోవడం నావల్ల కాదు.”

ఆట మొదలైంది. చివరి అంకంలో బరువు గుడ్డ కింద చీకట్లో బోర్లా పడుకుని, తలుపు వెనక వాయిస్తున్న తట్టు చప్పుడు వింటున్నాడు. మొదటి అడుగు పడింది. రెండోది పడింది. లాగాలో వద్దో బరువు ఇంకా తేల్చుకోలేదు. మూడో అడుగుకు కుడి మడమ లేచి, ముందుకు వెళ్లకుండా గాలిలో ఆగింది. అడుగుతోందది. బరువు కాలివేళ్లను పలకల సందులో గుచ్చి, ఉన్న యాభై కిలోలూ చేతుల్లోకి తెచ్చుకుని లాగాడు.

పైన ఒక మూలుగు వినిపించింది. అది నాటకంలో లేదు. నాలుగు, అయిదు. అంచు పర్రుమని చిరిగింది, రెండో మడత పట్టుకున్నాడు. ఆరో అడుగులో మడమ జారి వచ్చి అతని మణికట్టుకు తగిలింది. అలవాటుగా చెయ్యి ఆనించబోయి వెనక్కి తీసుకున్నాడు. పంతొమ్మిదేళ్లలో అంతకంటే బరువైన వస్తువును అతను ఎత్తలేదు.

రాజు మోకాళ్ల మీద పడ్డాడు. తట్టు చప్పుడు వాయించేవాడు కూడా బిత్తరపోయి ఆపేశాడు. ఎనిమిది వందల మంది ఉన్న శాలలో ఒక్క దగ్గు లేదు. ఆ నిశ్శబ్దంలో రెండు అరచేతులు నేలకు ఆనడం, ఒక మోకాలు లేవడం, మడమ తన చోటు తాను వెతుక్కుని పలకను కరుచుకోవడం బరువు గుడ్డ సందులోంచి చూశాడు. కళ్లెమ్మట నీళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం లాగుతూనే ఉన్నాయి. ఏడు. ఎనిమిది. ఆ మడమ వణుకుతోంది, వణుకుతూనే ఎక్కుతోంది. ముసలి మడమ కాదది, కొండ ఒకటి వేళ్లతో సహా పెకలించుకుని నడిచిపోతున్నట్టుంది. తొమ్మిది. పది.

పదకొండు.

“తలుపు తీస్తున్నాను” అంది పైనున్న గొంతు. “ఆలస్యమైంది. అయినా తీస్తున్నాను.”

తలుపు తెరుచుకుంది. గుడ్డ నేతలోంచి తెల్లటి వెలుగు చుక్కలు చుక్కలుగా అతని వీపు మీద పడింది. తెర దిగినా చప్పట్లు లేవు. జనం చేతులున్నాయని మరిచిపోయి లేచి నిలబడ్డారు.

గదిలో రాజుగారు చెప్పులు లేకుండా కుర్చీలో వాలి, తడి తువ్వాలుతో ముఖం అద్దుకుంటున్నారు.

“ఎవరు నడిచారు?”

“మీరేనండీ.”

“ఒట్టు?”

బరువు చిరిగిన అంచు చూపించాడు. అరచేతులు కూడా చూపించాడు, చర్మం లేచిపోయి ఉంది. రాజుగారు చిన్నపిల్లాడిలా నవ్వారు.

“చిరిగిందిరా! మీ ఆవిడకు పని పెట్టాం. వెళ్లి కాసిని వేణ్ణీళ్లు పట్రా.”

గ్లాసుతో తిరిగొచ్చేసరికి ఆయన తల పక్కకు వాలి ఉంది. నిద్రపోతున్నారనుకున్నాడు. గ్లాసు కింద పెట్టబోయి మడమలు చూశాడు. నిద్రపోయినా మడమ నేలను కాస్త పట్టుకునే ఉంటుంది. ఇవి వదిలేశాయి. అతను కేక వెయ్యలేదు. ఆ పాదాల దగ్గరే నేల మీద కూర్చున్నాడు.

మేనేజరమ్మ గుమ్మంలోకి వచ్చి కుర్చీ వైపు చూసింది, తర్వాత అతని అరచేతుల వైపు చూసింది.

“గట్టిగా లాగావా?”

“లాగానమ్మా.”

“ఆయనే...?”

“పదకొండూ ఆయనే నడిచారమ్మా.”

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మనుషుల్ని పిలవడానికి వెళ్లింది. కుర్చీ చేతి మీద తడి తువ్వాలు పరిచినట్టుగా పడి ఉంది. దాని మీద రెండు నల్లటి కనుబొమ్మలు, కళ్ల చుట్టూ గీతలు, చెవుల దాకా సాగిన నోరు, ఇంకా ఆరలేదు.