హెట్టీ పోగొట్టుకున్న క్రియలు

పక్షవాతం నుంచి లేచాక హెట్టీకి వస్తువుల పేర్లు మిగిలాయి. క్రియలు పోయాయి. కెటిల్ అనగలదు, కప్పు అనగలదు, నా పేరు అనగలదు. పెట్టాను, పెడతాను, పెట్టు మాత్రం రావు. "ఈనాక్... కెటిల్" అందంటే నేను పెట్టాలో, పెట్టేశానో, మాడబెట్టానో పొయ్యి దాకా వెళ్ళి చూసుకోవాల్సిందే.

అరవై ఏళ్ళు మా ఇద్దరి తరపునా ఆమే మాట్లాడింది. కొట్లో, చర్చిలో, డాక్టరు దగ్గర. నాకది హాయిగా ఉండేది.

మాటలు మళ్ళీ నేర్పడానికి కేరిస్ అనే అమ్మాయి మంగళవారం మంగళవారం వచ్చేది. వేల్స్ పిల్ల, గలగలా మాట్లాడుతుంది. ఒక డబ్బా నిండా బొమ్మల కార్డులు తెచ్చింది. ఒక్కో బొమ్మ కింద ఒక్కో క్రియ, దాని మూడు రూపాలూ. గో, వెంట్, గాన్.

"రోజూ అరగంట మీరే చెప్పించాలి ఈనాక్ గారూ. ఇది జరుగుతున్నది, ఇది జరిగిపోయింది, ఇది జరగబోయేది. అన్నిటికంటే కష్టమైంది ఇదిగో, అప్పుడెప్పుడో జరుగుతూ ఉండింది."

"మేం కాలువ మీద బొగ్గు పడవల్లో బతికినవాళ్ళం. నేను బడికెళ్ళింది మూడేళ్ళేనమ్మా. అదీ పడవ ఎక్కడ ఆగితే అక్కడి బడికి."

"పోన్లెండి, మాట్లాడటం వచ్చుగా?"

హెట్టీ నవ్వింది. జబ్బు పడ్డాక అదే మొదలు. నా వైపు వేలు చూపించి, "ఈనాక్... మాట!" అని తల అడ్డంగా ఊపింది.

వెళ్ళేటప్పుడు కేరిస్ గుమ్మం దగ్గర నెమ్మదిగా చెప్పింది. "ఆరు వారాల తర్వాత చూస్తాం. కాస్తయినా మెరుగుంటే వస్తూనే ఉంటాను. లేకపోతే పైవాళ్ళు ఆపేయమంటారు. వెనకాల చాలామంది ఎదురుచూస్తున్నారు."

రోజూ కార్డులు పట్టుకుని కూర్చున్నాం. టీ పోస్తున్న మనిషి బొమ్మ చూపిస్తే "టీ" అనేది. నిచ్చెన ఎక్కుతున్న మనిషిని చూపిస్తే "నిచ్చెన" అనేది. మూడో వారంలో కార్డులన్నీ నేలకేసి కొట్టింది. ఏరడానికి వంగాను. నా తల మీద చెయ్యి పెట్టింది. క్షమించమనడానికి కూడా క్రియే కావాలి.

ఇంట్లో కూర్చోలేక ఆమెను కాలువ గట్టుకు తీసుకెళ్ళాను. బ్రాన్‌స్టన్‌లో రెండో లాకు మా ఇంటి వెనకే. బొగ్గు పడవలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడన్నీ సెలవుల్లో సరదాకి తిరిగేవాళ్ళ పడవలే. ఆ రోజు ఎవరో మొగుడూ పెళ్ళాలు లాకు నింపలేక అవస్థ పడుతుంటే ఇనుప పిడి తీసుకుని నీళ్ళు వదిలే షట్టరు నేనే ఎత్తాను. దించేటప్పుడు మణికట్టు కలుక్కుమంది. కొక్కెం తప్పించి వదిలేశాను. షట్టరు దభీమని పడింది. పడవ మనుషుల్లో అంతకంటే సిగ్గుమాలిన పని లేదు. షట్టరును తిప్పుతూ దించాలి, వదిలేయకూడదు.

"పడేశావు!" బెంచీ మీంచి హెట్టీ అరిచింది. "తిప్పాలి! తిప్పి... దించాలి! మొద్దు మొహమా!"

ఆ పడవాయన బిత్తరపోయి నన్ను చూశాడు. హెట్టీ తన నోరు తానే మూసుకుంది. నేను పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాను. తిట్టు అంత తియ్యగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

మర్నాటి నుంచి అన్ని పనులూ తప్పుగా చేశాను. కప్పులో టీ కంటే ముందు పాలు పోస్తే "చెడగొట్టావు" అంది. రొట్టె వంకరగా కోస్తే "నరికావు" అంది. ఆమె అల్లిన లేసు తెరను తలకిందులుగా తగిలిస్తే ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని ఎక్కబోయింది. ఆ పని నేను మళ్ళీ చేయలేదు.

కానీ కార్డు ముందుకొస్తే పాత కథే. టీ, నిచ్చెన, కుక్క.

ఆరో మంగళవారం కేరిస్ ఒక కాగితం తెచ్చుకుంది. పది కార్డులు చూపించింది. పదింటికీ పేర్లే వచ్చాయి. "తొందరేం లేదు హెట్టీ గారూ," అంది గడియారం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ. కలం కాగితం మీదకు దించింది. హెట్టీ పిడికిళ్ళు ఒళ్ళో బిగుసుకున్నాయి.

అప్పుడు నేను నోరు తెరిచాను.

"మాకు పెళ్ళయిన ఏడాది ఒక సంగతి జరిగిందమ్మా. మూడో లాకులో దిగుతున్నాం. పడవ నిండా బొగ్గు. చుక్కాని దగ్గర నేను, గట్టు మీద హెట్టీ. నీళ్ళు దిగుతుంటే పడవ వెనక భాగం ఎగువ తలుపు కింద రాతి మెట్టు మీద ఇరుక్కుంది. ముందు భాగం మునిగిపోతోంది. నేనే గట్టు మీదకు దూకి షట్టర్లు మూసి..."

"కాదు."

"ఏం కాదు? నేనే మూశాను. హెట్టీ భయపడి ఏడుస్తూ కూర్చుంది."

"ఏడవలేదు!" హెట్టీ లేచి నిలబడింది. "నేను మూశాను. పరిగెత్తాను. ఇటు మూశాను... అటు తెరిచాను. నీళ్ళు వచ్చాయి. పడవ లేచింది. నువ్వు..." ఊపిరి తీసుకుంది. "నువ్వు అరిచావు. అంతే."

"సరే, అరిచాను. అయినా పడవ ఇరుక్కోవడం నా తప్పు కాదు."

"నీదే! నిద్రపోయావు. చుక్కాని పట్టుకుని... నిద్రపోయావు!"

కేరిస్ రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే నన్ను చూసి, "ఈ ముసలాయన మాట అస్సలు నమ్మకూడదన్నమాట," అంది.

"నమ్మకు," అంది హెట్టీ. "మళ్ళీ రా. మిగతాది చెప్తాను."

కేరిస్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "వచ్చే మంగళవారం వస్తాను. అప్పటికి ఇంకో నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకోండి ఈనాక్ గారూ."

హెట్టీ ఒక్కటే తప్పు చెప్పింది. ఆ రోజు నేను నిద్రపోలేదు. గట్టు మీద నీలం గౌనులో షట్టరు తిప్పుతున్న నా కొత్త పెళ్ళాన్ని చూస్తూ ఉన్నాను. పడవ వెనక్కి జరగడం గమనించలేదు. అరవై ఏళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కేరిస్ వెళ్ళాక కప్పులో ముందు పాలు పోశాను.

"చెడగొట్టావు," అంది హెట్టీ.