ఆల్సెస్టిస్ నాలుగో రోజు

పొయ్యి మీద రెండు గిన్నెలు. ఒకదాంట్లో ఉప్పు వేసిన బీరకాయ కూర, రెండోదాంట్లో వేయనిది. రామ్‌చందర్‌కు ఏ కూరగాయైనా ముందు ఒకసారి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లలో ఉడికించి పెట్టాలని డాక్టరు చెప్పాడు. రోజంతా అతను తాగాల్సిన నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టాలి. ఎనిమిది నెలలుగా లాలి ఈ పనులన్నీ చేసి, కూతురికి జడ వేసి, అత్తకు షుగర్ మాత్ర ఇచ్చి, తొమ్మిదింటికల్లా బడిలో ఉంటోంది. ఆమె హైస్కూల్లో సోషల్ టీచరు.

"మీ గిన్నెల కెల్లి వాసన మంచిగొస్తుంది," అన్నాడు రామ్‌చందర్, వంటింటి గడప దగ్గర కుర్చీలో కూర్చుని. "ఉప్పు తినేటోళ్లకేం ఎరుక."

ఆ పూట నుంచి లాలి తన కంచంలోకీ ఉప్పు లేని కూరే వడ్డించుకుంది. వారం గడిచినా ఆ సంగతి ఇంట్లో ఎవరి కంటా పడలేదు.

రామ్‌చందర్ పాల్వంచ థర్మల్ పవర్ ప్లాంట్‌లో ఆపరేటరు. ఏన్కూరు దగ్గరి తండా నుంచి కంపెనీ క్వార్టర్‌కు వచ్చిన మొదటి మనిషి. షిఫ్టు డ్యూటీలు చేసినన్నాళ్లూ రాయిలా ఉన్నాడు. పాదాలు ఉబ్బుతున్నాయనీ, బీపీ చూపించుకొమ్మనీ లాలి రెండేళ్లు మొత్తుకుంది. "నువ్వు డాక్టరువా? సోషల్ టీచరువా?" అని నవ్వేవాడు. పోయిన జూలైలో ప్లాంటు మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాక తెలిసింది, రెండు కిడ్నీలూ పాడయ్యాయని. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఖమ్మం తీసుకెళ్లి రక్తం కడిగించాలి.

బస్సు అడవిలోంచి పోతుంది. మార్చి నెల కావడంతో ఆకులన్నీ రాలిన మోదుగ చెట్లు ఒంటినిండా ఎర్రగా పూసి ఉన్నాయి. రామ్‌చందర్ తల ఆమె భుజం మీద వాలి ఉండేది. లాలి కిటికీలోంచి చూస్తూ పెదాలు కదపకుండా తన మాటలు తాను చెప్పుకునేది. ఆ చెట్ల కింద ఒక పిల్ల పూలు ఏరుకుంటూ ఉంటుంది. పేరు పెర్సెఫనీ. నేల చీలి పాతాళపు రాజు వచ్చి పిల్లను రథంలో వేసుకుని పోతాడు. తల్లి కేకలు వేసుకుంటూ దేశమంతా వెతుకుతుంది. బస్సు ఊగుతుంటే, తండా నుంచి ఎనిమిదో తరగతిలోనే పెళ్లయి వెళ్లిపోయిన తన పాత విద్యార్థినులు ఒక్కొక్కరే ఆ మోదుగల కింద పూలేరుతూ కనిపించేవారు. వాళ్లు తలెత్తి ఆమె వైపు చూసేవారు. బస్సు దాటిపోయేది.

ఈ కథలు ఆమెకు రెండేళ్ల కిందట, 2006 వేసవిలో దొరికాయి. కొత్తగూడెంలో టీచర్లకు పది రోజుల నాటక శిక్షణ పెట్టారు. "పది రోజులు ఇంట్ల అన్నం ఎవలు వండుతరు?" అన్నాడు రామ్‌చందర్. లాలి నాలుగున్నరకే లేచి వండిపెట్టి బస్సెక్కింది. నేర్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన సుజాత మేడం గ్రీకు కథలు చెప్పింది. వీరుల కథలే, కానీ వీరుల వైపు నుంచి కాదు, వాళ్ల ఇళ్లలో ఉండిపోయిన ఆడవాళ్ల వైపు నుంచి. వాటిలోంచి మూడు కథలు తీసుకుని లాలి ఒంటరిగా ఆడే నలభై నిమిషాల నాటకం కట్టుకుంది. ఒక స్టూలు, ఒక ఎర్ర చద్దరు, ఆమె, అంతే. పెర్సెఫనీ ఒకటి. చెప్పిందల్లా నిజమే అవుతున్నా ఎవరూ నమ్మని కసాండ్రా ఒకటి. చివరిది ఆల్సెస్టిస్.

ఆ కథలో రాజుకు చావు ముంచుకొస్తుంది. నీ బదులు ఇంకెవరైనా చస్తే నువ్వు బతకొచ్చని దేవుడు వరమిస్తాడు. రాజు స్నేహితులను అడుగుతాడు, సిపాయిలను అడుగుతాడు, ముసలి తల్లిదండ్రులను అడుగుతాడు. అందరూ కాదంటారు. భార్య ఆల్సెస్టిస్ చస్తుంది. తర్వాత ఒక బలశాలి మృత్యువుతో కుస్తీ పట్టి ఆమెను వెనక్కి తెస్తాడు. తిరిగొచ్చిన ఆమె మూడు రోజులు మాట్లాడకూడదు.

"కథ అక్కడ ఆగిపోతుంది," అంది సుజాత మేడం. "నాలుగో రోజు ఆమె ఏం మాట్లాడిందో చెప్పినవాళ్లు లేరు."

లాలి కూడా చెప్పలేదు. చండ్రుగొండలో, ఏన్కూరులో, ఇంకో రెండు బళ్లలో ఆడినప్పుడు చద్దరు తల మీద కప్పుకుని, నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. చప్పట్లు కొట్టేవారు. కథలన్నింట్లోకీ ఇదొక్కటే రామ్‌చందర్‌కు నచ్చింది. "భార్య అంటే గట్లుండాలె," అన్నాడు. అప్పటికతను ఇంకా పడిపోలేదు.

ఫిబ్రవరిలో ఖమ్మం డాక్టరు మెల్లగా చెప్పాడు. ఇలా ఎంతో కాలం నడవదు, కిడ్నీ మార్పించుకోవాలి, ఇంట్లోవాళ్లు ఇస్తే మంచిది, ఎవరిస్తారు? గదిలో అత్త ఉంది, రామ్‌చందర్ అన్న హాతీరాం ఉన్నాడు, లాలి ఉంది. రక్తం కడిగే మిషన్ సన్నగా హోరుమంటోంది. రామ్‌చందర్ రక్తం పారదర్శకమైన గొట్టాల్లోంచి బయటికి పోయి, చుట్టు తిరిగి, మళ్లీ అతనిలోకి వస్తోంది. భద్రాచలం దగ్గర గోదావరి దాటించే పడవలు గుర్తొచ్చాయి లాలికి. అవతలి ఒడ్డుకు పోవడం, ఇవతలికి రావడం, రోజంతా అదే పని. అతని తల కింద దిండు జారిపోతుంటే వంగి సర్దింది. సర్దుతూ తల ఊపింది, దిండు కుదిరిందని.

"మా మరదలున్నది గదా సార్," అన్నాడు హాతీరాం.

డాక్టరు లాలి పేరు రాసుకున్నాడు. అత్తకు షుగరు, ఆమె పనికి రాదు. హాతీరాంకు నలభై అయిదేళ్లు, ట్రాక్టరు నడుపుతాడు, దుక్కలా ఉంటాడు. అతని రక్తం గ్రూపు కూడా ఎవరూ అడగలేదు. తర్వాత వారం లాలికి పరీక్షలు చేశారు. సరిపోయిందన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. లాలి కూడా పీల్చుకుంది, అందరితో పాటు, అలవాటుగా. ఇంటికొచ్చి బట్టలు ఉతుకుతుంటే మాత్రం నడుము ఎడమ పక్కన చెయ్యి పెట్టి చూసుకుంది. ఇన్నేళ్లలో తన లోపల అలాంటిదొకటి ఉందని ఒక్కసారీ తలుచుకోలేదు. ఇప్పుడు అది పేరు పెట్టి పిలిస్తే పలికేంత దగ్గరగా అనిపించింది.

మార్చి అయిదున హాతీరాం హైదరాబాద్ దవాఖానా కాగితాలు తెచ్చాడు. 'నేను నా ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా ఇస్తున్నాను' అని ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంది.

"గీడ వెట్టు లాలీ. జల్దీ. ఇరవై తారీఖుకు రమ్మన్నరు."

"చదివి పెడత బావా."

"చదివేదేమున్నది దాంట్ల? నీ మొగని పాణం గంతే." అని రామ్‌చందర్ వైపు తిరిగాడు. "ఆడోళ్లకు ఒకటున్నా నడుస్తదట. మనమంటే కష్టం చేసుకునేటోళ్లం."

రామ్‌చందర్ తల వంచుకుని గోళ్లు చూసుకున్నాడు. కాదనలేదు. అవునని కూడా అనలేదు. లాలి అతని ముఖమే చూస్తూ ఉండిపోయింది. అతను భయపడుతున్నాడని ఆమెకు తెలుసు. కూతురు పుట్టినప్పుడు డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చి, నూనె మరకల చేతులతో పిల్లను ఎత్తుకోవడానికి జంకిన మనిషి. అతను బతకాలి. ఆ మాటలో ఆమెకు సందేహం లేదు. ఆమెను తొలుస్తున్నది వేరే ఏదో. దానికి అప్పటికింకా మాట దొరకలేదు.

ఎనిమిదో తారీఖు మహిళా దినోత్సవం. కాలనీ క్లబ్బులో ఆమె నాటకం ఉంది, జనవరిలోనే ఒప్పుకున్నది. "ఇసుంటప్పుడు నాటకమేంది?" అన్నాడు హాతీరాం. "ఆడనియ్. నాగ్గూడ జర బయట కూసున్నట్లుంటది," అన్నాడు రామ్‌చందర్. ఆ ఒక్క మాటకు లాలికి అతని మీద ప్రేమ పొంగింది.

ముందురోజు పప్పు రుబ్బుతూ ఆల్సెస్టిస్ మాటలు అనుకుంటుంటే అత్త వెనక నుంచి వింది. అత్త ఎక్కువ మాట్లాడని మనిషి. నెల రోజులుగా లాలి ముఖంలోకి సూటిగా చూడలేదు.

"ఆ రాజు తల్లి పోనన్నదా?" అని అడిగింది.

"పోనన్నది అత్తమ్మా. ఉన్న నాలుగు రోజులూ ఎండ చూసుకుంట బతుకుతనన్నది."

అత్త రోట్లో మిగిలిన పప్పును వేలితో లోపలికి తోస్తూ అంది. "నాకు షుగర్ లేకపోతే నా కొడుక్కు నేనిస్తుంటినో, భయపడుతుంటినో, నాకే తెల్వదు బిడ్డా. షుగరున్నదన్నరు, బతికిన అనుకున్న. గట్లనుకున్నందుకు అన్నం సయిస్తలేదు."

లాలి రుబ్బడం ఆపి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులకూ పిండి.

క్లబ్బు హాల్లో సాయంత్రం నాలుగింటికి తెర లేచింది. కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడి, స్టూలు చుట్టూ దుమ్ము బంగారంలా తేలుతోంది. ముందు వరసలో రామ్‌చందర్, పక్కన అత్త, హాతీరాం, తొమ్మిదేళ్ల కూతురు. లాలి పెర్సెఫనీ అయింది, తల్లి అయింది. కసాండ్రా అయి "కాళ్లు ఉబ్బుతున్నయి, చూపించుకో, నమ్ము" అంది. అది నాటకంలో లేని మాటే, నోట్లోంచి వచ్చేసింది. రామ్‌చందర్ కుర్చీలో కదిలాడు. తర్వాత ఆమె ఎర్ర చద్దరు తల మీదుగా కప్పుకుంది. చచ్చింది. పడవలో అవతలికి పోయింది, తిరిగి వచ్చింది. మొదటి రోజు. రెండో రోజు. మూడో రోజు. నోటి మీద చెయ్యి.

చప్పట్లు మొదలయ్యాయి. లాలి కదలలేదు. చద్దరు లోపల అంతా ఎర్రగా, వెచ్చగా, నీళ్ల అడుగున ఉన్నట్టుగా ఉంది. దూరంగా ఎవరో ఆడమనిషి నడిచి వస్తోంది. ఎంతో దూరం నడిచి అలసిపోయి వస్తోంది. దగ్గరికొచ్చి లాలి నోటి మీది చేతిని మెల్లగా తీసేసింది.

లాలి చద్దరు దించింది. చప్పట్లు తడబడి ఆగిపోయాయి.

"నాలుగో రోజు," అంది. "రాజా, నువ్వు మంచోనివి. నువ్వు బతకాలె. నీ నాయినను అడిగినవ్, అమ్మను అడిగినవ్. దోస్తులను అడిగినవ్, గుర్రాలు కడిగేటోన్ని గూడ అడిగినవ్. వాళ్లు కాదన్నరు. కాదనొచ్చని వాళ్లకెట్ల తెలిసింది? నువ్వు అడిగినవు గనక. నన్ను మాత్రం నువ్వు అడగలే. నేను ఊ అన్ననని ఊరంత చెప్పుకుంటున్నరు. నేనెప్పుడన్న? నేను నీ తల కింద దిండు సదురుతున్న. దిండు కుదిరిందని తల ఊపిన. గంతే."

వెనక వరసల్లో ఒకామె చీర చెంగు నోట్లో కుక్కుకుంది. లాలి దండం పెట్టి దిగింది.

ఇంటికి నడిచి వెళ్తుంటే హాతీరాం అన్నాడు. "నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్ లాలీ." అత్త ఆగి వెనక్కి తిరిగింది. "నువ్వు ఊకో హాతీ," అంది. నలభై అయిదేళ్ల కొడుకును ఆమె అలా అనడం లాలి ఎప్పుడూ వినలేదు.

తెల్లారి బల్ల మీద కాగితాలు అలాగే ఉన్నాయి. లాలి నీళ్లు కొలిచి సీసాలో పోస్తోంది. రామ్‌చందర్ వచ్చి కుర్చీలో కాకుండా ఆమెకు ఎదురుగా కింద కూర్చున్నాడు. కూర్చోవడానికి కష్టపడ్డాడు. ఆయాసం తగ్గేదాకా ఆగాడు.

"లాలీ, నీ కిడ్నీ నాకిస్తవా?"

ఈ మాట అడిగితే చాలు, వెంటనే ఊ అంటానని లాలి ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు వెతికితే ఆ ఊ ఎక్కడా లేదు. కాదు అనే మాట కూడా లేదు. ఆ చోట ఎండాకాలం కిన్నెరసాని వాగు ఇసుకలా ఖాళీగా, వెడల్పుగా ఉంది. ఎటైనా నడవొచ్చు. అంత జాగా తన లోపల ఉందని ఆమెకు తెలియదు.

"హాతీరాం బావను అడిగినవా?"

"లే. ఎవ్వల్నీ అడగలే. నిన్నే మొదలడుగుతున్న."

లాలి సీసా మూత బిగించి అతని చేతికిచ్చింది. అతని కళ్లలోకి చూసింది. భయపడకుండా, కోపం లేకుండా, చాలా రోజుల తర్వాత తేరిపార చూసింది.

"అయితే బావను గూడ అడుగు," అంది. "నేను ఆలోచించుకోని చెప్త."