కోదండపాణి కొన్న షేర్లు

హాలు నిండా కుర్చీలే, కుర్చీల మధ్యంతా పొగమంచులాంటి తెల్లదనమే, అందులోంచి "ఇటు రావే భ్రమరా, నీకు చోటు పట్టి ఉంచాను" అని కోదండపాణి పిలుస్తుంటే, భ్రమరాంబ కుర్చీల వీపులు తడుముకుంటూ ఆ గొంతు వైపు నడుస్తోంది. భర్త పోయి మూడేళ్ళయిన సంగతి ఆవిడకు తెలుసు, అయినా ఇదేమంత వింతగా అనిపించడం లేదు. ఇది హైదరాబాదులో మందుల కంపెనీవాళ్ళ వార్షిక సమావేశమట, అంతలోనే రేపల్లెలో ఆయన మందుల షాపు అరుగూ ఇదేనట, వేదిక మీద ఎవరో లాభాల గురించి చెబుతుంటే పక్కనే తెనాలి బస్సు హారన్ కొడుతోంది.

ఆ కంపెనీ అంటే ఆయనకున్న పిచ్చి ఇంతా అంతా కాదు. షాపులో కూర్చుని, డాక్టర్లు ఎవరి మందు మళ్ళీ మళ్ళీ రాస్తున్నారో గమనించి, ఆ కంపెనీ షేర్లే ఏటా కాసిని కొని పడేసి, పాతికేళ్ళలో ఒక్కటి అమ్మితే ఒట్టు! ధర పడిపోయిందని అందరూ గోల పెడుతుంటే, "మంచి కంపెనీ అయితే తనే లేస్తుంది, కదలకుండా కూర్చో" అనేవారు.

"ఏవండీ, గుండెల్లో నొప్పొచ్చిన రోజు కూడా అలాగే కూర్చున్నారేం?" ఇన్నాళ్ళూ అడగలేకపోయిన మాట ఆవిడ అడిగేస్తోంది. "షాపు నిండా మందులు పెట్టుకుని, తనే సర్దుకుంటుందిలే అన్నారు. ఆటో పిలుస్తానంటే కసిరారు."

"పొరపాటేనే. ఒంటిని కూడా షేరే అనుకున్నాను," అంటున్నారాయన. "మరి నువ్వు చేస్తున్నదేవిటి? కళ్ళకు పొరలొచ్చాయి, ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పి ఏడాదైందటగా?"

"దానికి మీ షేర్లు అమ్మాలండీ. అమ్మాయి డబ్బిస్తానంటే నేనే వద్దన్నాను. మీరు ఏరి ఏరి కొన్నవి, అవి కూడా పోతే ఇంక నాకు మీరేం మిగులుతారు?" ఆవిడకు ఏడుపు ముంచుకొస్తోంది.

"పిచ్చిమొహమా, ఎందుకు కొన్నాననుకున్నావు? ఆగమన్నది షేర్ల సంగతి, నీ కళ్ళ సంగతి కాదు."

ఆ మాట నవ్వుతూ అన్నారో, బాధపడుతూ అన్నారో చూడాలని భ్రమరాంబ ముందుకు వంగుతోంది, ఇంకా వంగుతోంది, చొక్కా కనబడుతోంది, గుండీలు కనబడుతున్నాయి, ఆపైన అంతా తెలుపే.

"ఒక్కసారి ఇటు తిరగండీ, కళ్ళారా చూసుకోనీండి, ఎన్నాళ్ళయిందో!"

"నీ వైపే తిరిగి ఉన్నానే," అంటున్నారాయన.

మెలకువ వచ్చింది. తెల్లవారి కిటికీలోంచి ఎండ పడుతోంది. భ్రమరాంబ లేచి, గోడమీది ఫోటో దగ్గరికి వెళ్ళి, అద్దానికి ముక్కు ఆనేదాకా వంగి చూసింది. చొక్కా కనబడింది.

మొహమైనా కడుక్కోకుండా కూతురు సువర్చలకు ఫోన్ చేసి, "ఆ షేర్లు కొన్ని అమ్మించవే, కళ్ళ ఆపరేషన్ చేయించుకుంటాను" అంది.

"నిజంగానా అమ్మా? నాన్న కొన్నవి ముట్టుకోవద్దని ఇన్నాళ్ళూ నా మీద విరుచుకుపడ్డావు గదా!"

"అమ్మెయ్యవే తల్లీ," అంది భ్రమరాంబ. "మీ నాన్న ముఖం కనబడ్డం లేదు నాకు."