తోడు అడిగిన రోజు

"తోడు లేకుండా కొండలెక్కుతావా?" అని మా ఆయన దివాకర్ అడిగిన సాయంత్రం నేను వంటిల్లు సర్దుతున్నాను. "తోడు ఫ్రిజ్‌లో స్టీలు డబ్బాలో పెట్టానండీ. గోరువెచ్చని పాలలో చెంచాడు వెయ్యండి, చాలు" అన్నాను. ఆయన నవ్వలేదు. నా జోకులకి మా ఇంట్లో వీసా రాదు.

ఆఫీసులో లీవుకి ఒక్క క్లిక్కు. ఇంట్లో లీవుకి సాంబారు, రెండు కూరలు, ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, ఆపైన మా అత్తగారు రాజేశ్వరమ్మగారి నిట్టూర్పు. కొన్న పెరుగు ఆవిడ ముట్టరు. మేం అమెరికా వచ్చి ఫ్రీమాంట్‌లో దిగిన రోజున ఆవిడ నాచేత పెట్టించిన తోడే తెగకుండా వస్తోంది. "ఈ ఇంటి తోడు నీ చేతిలో పెడుతున్నా" అన్నారప్పుడు. కొడుకు సంగతేమో అనుకుని కంగారుపడ్డాను.

స్నేహితురాలు మైత్రితో సియెర్రా కొండల్లోని ఈ చిన్న ఊరికి వచ్చాను. పొద్దున్నే లాడ్జి మెట్ల మీద ఇడ్లీలు విప్పాను. ఎదురుగా మంచు కరిగిన వాలు నిండా ఊదారంగు లూపిన్ పూలు. చట్నీ డబ్బా మూత తీస్తే లోపల తోడు. రెండూ ఒకే సైజు స్టీలు డబ్బాలు, లోపలివి రెండూ తెలుపే. ఇంతలో ఫోన్.

"ఉమా, పాలు తోడుకోలేదు. పైన ఆవాలు తేలుతున్నాయి."

రోజూ రెండు పూటలా పెరుగన్నం తినే మనిషి పాలలో చట్నీ వేశారు. నవ్వొచ్చింది. అది గొంతు దాటకముందే ఆయన, అమ్మ అన్నం మానేస్తానంటోంది, నీ సరదాకి పెద్దావిడ పస్తుండాలా, వెంటనే బయల్దేరు అన్నారు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

మైత్రి బ్యాగులోంచి కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టింది. "పోతనంటే దింపుత. మల్ల దారి పొడుగునా ఏడ్వద్దు."

డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. అత్తగారు షుగర్ మనిషి, నిజంగానే మానేస్తే? ఇప్పుడు బయల్దేరితే రాత్రికి పాలు, రేపటికి అందరి మొహాలూ తోడుకుంటాయి. ఇంట్లో కూరలున్నాయి, పక్కింటి స్రవంతి ఫ్రిజ్‌లో ఇంట్లో తోడుపెట్టిన పెరుగుంది, ఈయనకి నోరుంది. అన్నీ తెలుసు. అయినా గిల్టు. మా అమ్మ పెళ్ళిళ్ళకి వేసుకెళ్ళే గిల్టు గొలుసులాగే, బంగారం కాదని తెలిసినా తీస్తే మెడ బోసిగా ఉంటుందని భయం.

ఫోన్ చేశాను. స్రవంతి దగ్గర చెంచాడు తోడు తెచ్చుకోమన్నాను.

"నేనా? సిగ్గులేకుండా పక్కింటికెళ్ళి తోడు అడగాలా?"

"తోడు అడగడానికి సిగ్గెందుకండీ? నేనిన్నేళ్ళూ మిమ్మల్ని అడుగుతూనే ఉన్నాగా."

ఈసారీ ఆయన నవ్వలేదు. ఈసారి నేనూ జోకెయ్యలేదు.

తాళాలు మైత్రికి తిరిగిచ్చి, ఆ తోడంతా ఇడ్లీలతో నంజుకుని తినేశాను. పుల్లగా ఉంది. గిల్టు గొలుసు తీసేసినా మెడ మీద పచ్చమరక ఉండిపోతుంది. ఆ మరకతోనే పూలవైపు ఎక్కడం మొదలుపెట్టాను.