మూసిన ట్రైలర్

బైకులు ఎక్కించుకుపోయే ట్రైలర్ కొందామన్నది నేనే. మా మరిది రాండల్ మాత్రం అన్న ముసలివాడైపోయాడనీ, బైకుని పెట్టెలో పెట్టి ఊరేగిస్తున్నాడనీ ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు.

నెబ్రాస్కాలో మా ఊరి నుంచి పొద్దున్నే బయలుదేరితే చీకటి పడేలోగా సౌత్ డకోటా కొండలు చేరొచ్చు. ప్రతి ఆగస్టులోనూ మా ఆయన డెల్విన్, రాండల్ బైకుల మీదే వెళ్లి, బైకులవాళ్ల క్యాంపులో దిగి, వారం రోజులు కొండల్లో తిరిగి, ముఖాలు కమిలిపోయి వస్తారు. ఈసారి మావాడు గ్రేడీ కూడా వస్తానన్నాడు. ఇరవై రెండేళ్లవాడు. కిందటేడు మా ఇంటి మలుపులోనే కంకర మీద జారి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. లోపల రేకు పెట్టి మరలు బిగించారు. వాడు చొక్కా విప్పినప్పుడల్లా నాకు ఆ మరలే కనిపిస్తాయి.

"కొండల్లోకి చేరాక మీ ఇష్టం. హైవే మీద మాత్రం వీడు బైకెక్కడానికి వీల్లేదు. అక్కడిదాకా బైకులు ట్రైలర్‌లో, మనం పికప్ ట్రక్కులో. నేనూ వస్తాను" అన్నాను.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు గ్రేడీ.

"చూడ్డానికి."

"కొండలా?"

"నిన్నేరా."

ట్రైలర్లు అమ్మే చోట నాకు తెరిచి ఉన్నది నచ్చింది. తేలిక, గాలికి ఊగదు, పట్టీ వదులైతే అద్దంలో కనిపిస్తుంది. డెల్విన్ దాని వైపు చూడనైనా చూడలేదు. తెల్లటి పెట్టెలాంటి ట్రైలర్ చుట్టూ తిరిగి, వెనక తలుపు దించి, పైకెత్తి, "ఇది" అన్నాడు. ఆ తలుపే నేలమీదికి దిగితే బైకు ఎక్కించే వాలు బల్ల అవుతుంది.

"మూసేశాక లోపల బైకు పడిపోతే ఎలా తెలుస్తుందయ్యా?" అని అమ్మేవాణ్ణి అడిగాను.

"తెలీదమ్మా. ఆగినచోటల్లా తలుపు తీసి చూసుకోవడమే."

"నీకు అదే కావాలిగా నొరీన్, ఆగినచోటల్లా తలుపు తీసి చూడ్డం" అన్నాడు డెల్విన్. అమ్మేవాడు నవ్వాడు. టైర్ల అంచుల్లో సన్నటి పగుళ్లున్నాయి. అవి మార్చితేగాని నేను అక్కడి నుంచి కదల్లేదు.

ఆదివారం చర్చి ముందు ఖాళీ స్థలంలో డెల్విన్ నాకు ట్రైలర్ని వెనక్కి తోలడం నేర్పాడు. "స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టు. ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు, అంతే." నేను చెత్తడబ్బాని గుద్దాను. దిగి చూసి, "పోనీలే, నీకీ అవసరం ఎప్పుడొస్తుంది గనక" అన్నాడు.

దారి పొడుగునా నా చెవులు వెనకే ఉన్నాయి. ఏదో టకటకమంటోందంటే తండ్రీ కొడుకులు రేడియో పెంచారు. పెట్రోలు కోసం ఆగినప్పుడల్లా తలుపు తీయించాను. బైకులు ముందు చక్రాల మీదికి ఒంగి, పట్టీలు బిగుసుకుని కదలకుండా నిలబడి ఉండేవి.

"పారిపోవమ్మా, కట్టేశాం" అన్నాడు గ్రేడీ.

రాండల్ మాత్రం బైకు మీదే మా ముందు పోతూ, ఆగినచోటల్లా హెల్మెట్ తీసి, "ఏం అన్నా, ఏసీ సరిపోతోందా? వదినా, బైకుకి దుప్పటి కప్పు" అనేవాడు. మొన్ననే ట్యాంకుకి ఎర్ర రంగు వేయించాడు. బైకు దిగగానే చొక్కా అంచుతో దాన్ని తుడిచేవాడు.

వాల్ అనే ఊళ్లో డెల్విన్ పికప్‌ని పెట్రోలు బంకు వెనక్కి తీసుకుపోయి ఆపాడు. వెనక తలుపు దించాడు. గ్రేడీ పట్టీలు విప్పుతున్నాడు. అప్పుడు తెలిసింది నాకు మూసిన ట్రైలర్ ఎందుకు కావాల్సి వచ్చిందో: దారిలో లోపలి బైకులు ఎవరి కంటా పడకుండా.

"ఇక్కడెందుకు దించుతున్నారు?"

డెల్విన్ తన బైకుని వాలు బల్ల మీదుగా కిందికి దించుతున్నాడు. రాండలే చెప్పాడు. "క్యాంపు గేటులో ట్రైలర్ కనిపిస్తే అందరూ లేచి నిలబడి ఎగతాళిగా ఊళ పెడతారు వదినా. ఇక్కణ్ణించి బైకుల మీద పోతే ఇంటి దగ్గర్నుంచీ అలాగే వచ్చారనుకుంటారు."

"మరి నేను?"

"ఖాళీ ట్రైలరే కదా, మెల్లిగా వెనకాల తోలుకురా. క్యాంపుకి ముందు ఊళ్లో ఎక్కడైనా పెట్టెయ్, నేనొచ్చి నిన్ను తీసుకెళ్తా" అన్నాడు డెల్విన్.

"హైవే మీద వాడు బైకెక్కకూడదనుకున్నాం. మాటిచ్చారు."

"కొండలు కనిపిస్తున్నాయి చూడు. కనిపించాయంటే చేరినట్టే."

కొండలు నల్లగీతలా కనిపిస్తూనే ఉన్నాయి. వాటి మీద మబ్బు కూడా. దాని అడుగు ఆకుపచ్చగా ఉంది. పొలాల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఆ రంగంటే వడగళ్లని నాకు తెలుసు. చెప్పాను.

"నీకు ప్రతి మబ్బూ పచ్చగానే కనిపిస్తుందిలే" అన్నాడు రాండల్.

గ్రేడీ నా వంక చూడలేదు. చేతితొడుగు వేళ్లు ఒక్కొక్కటే సర్దుకుంటూ, "ఈ కాస్త దూరమేనమ్మా" అన్నాడు. మూడు బైకులూ పోయాయి. డ్రైవరు సీటు ముందుకి జరుపుకోవడం కూడా నాకు ఎవరూ చూపించలేదు.

ఖాళీ ట్రైలర్ని గాలి పట్టుకుని ఊపుతోంది. పెద్ద లారీ దాటినప్పుడల్లా పికప్ తోకని ఎవరో పట్టుకు గుంజినట్టుంది. ఫోను చేస్తే ఎవరూ ఎత్తరు, బైకు మీద వినబడదు. దారి పక్కన లారీ టైరు పేలిక కనిపిస్తే బూటనుకున్నాను. ఇంకొకటి కనిపిస్తే నల్లకోటు అనుకున్నాను. దగ్గరికొచ్చేదాకా ఊపిరి తీసుకోలేదు. మూడోది కనిపించేసరికి చూడకూడదనుకుని, చూశాను. పొలాలకి నీళ్లు పెట్టే రబ్బరు గొట్టం.

ఎండ ఉన్నట్టుండి పోయింది. పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. దారి మసకబారింది. వేగం తగ్గిస్తే వెనక లారీ గుద్దుతుందని, పెంచితే ట్రైలర్ బోర్లాపడుతుందని, రెండూ చెయ్యకుండా అలాగే పోనిచ్చాను.

హైవే దిగే పక్కదారి మొదట్లో ఎవరో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు. హెల్మెట్ చేత్తో పట్టుకుని, తడిసి ముద్దయి ఉన్నాడు. మావాడు. బైకు లేదు. బైకేదని నేను అనుకోలేదు. కాళ్లు రెండూ ఉన్నాయా, చేతులు రెండూ ఉన్నాయా అని చూశాను.

వాడు తలుపు తీసుకుని ఎక్కాడు. పళ్లు టకటకలాడుతున్నాయి.

"నాన్నా, బాబాయీ కింద వంతెన దగ్గరున్నారు. హైవే కింది నుంచి చిన్న రోడ్డు పోతుంది, అక్కడ. బైకులన్నీ అక్కడే."

"నువ్విక్కడెందుకు? పిడుగు పడితే?"

"కిందుంటే నువ్వు చూడకుండా దాటిపోతావు. ఈ గాలికి ఖాళీ ట్రైలర్ తిరగబడుతుందని బాబాయ్ అన్నాడు, అదేదో నవ్వులాటలాగా. అప్పట్నుంచి ఇక్కడే నిలబడి చూస్తున్నా." ముఖం తుడుచుకున్నాడు. "ఇంతసేపెందుకు పట్టింది నీకు?"

ఆ ప్రశ్న మా ఇంట్లో నేనొక్కదాన్నే అడుగుతాను.

వంతెన కింద పదిమంది దాకా బైకులవాళ్లు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ట్రైలర్ వెనక భాగం వంతెన కిందికి వస్తేగాని బైకులు ఎక్కించడం కుదరదు. ముందు నుంచి దూరుదామంటే దారంతా బైకులే, అంటే నేను వెనక్కి తోలాలి. డెల్విన్ పరిగెత్తుకొచ్చి "దిగు, నేను తోలతా" అంటున్నాడు. మొదటి వడగల్లు ఇంజను మూత మీద రాయిలా పడింది. తర్వాత లెక్క లేదు. డెల్విన్ తల మీద చేతులు పెట్టుకుని వంతెన కిందికి పారిపోయాడు.

"కుడికి!" "కాదు, ఎడమకి!" "తిప్పు, తిప్పు!" అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఎప్పుడూ చూడని గడ్డపాయన విమానానికి దారి చూపిస్తున్నట్టు చేతులాడిస్తున్నాడు.

గ్రేడీ హెల్మెట్ పెట్టుకుని దిగాడు. కిటికీ దగ్గరికి వచ్చి, "ఎవరి మాటా వినకు. అద్దంలో నన్నొక్కణ్ణే చూడు. నేను కనబడకపోతే ఆపెయ్" అన్నాడు.

వాణ్ణి చూడ్డం నాకెవరూ నేర్పక్కర్లేదు. స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టాను. వాడి హెల్మెట్ మీద వడగళ్లు పడి ఎగురుతున్నాయి. వాడు చెయ్యి జరిపినవైపు నా చెయ్యి జరిగింది. ఒకసారి కనబడలేదు, ఆపాను. కాస్త ముందుకి తీసి మళ్లీ మొదలుపెట్టాను. చివరికి వాడు అరచెయ్యి ఎత్తాడు. వంకరగానే ఉంది, కానీ తలుపు పొడినేల మీదే దిగింది.

డెల్విన్ బైకూ గ్రేడీ బైకూ ఎక్కాయి. రాండల్ కాసేపు అటూ ఇటూ తచ్చాడి, నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వదినా, మూడోదానికి చోటుంటుందా?"

"నీ బైకు కూడా పెట్టెలో ఊరేగుతుందా?"

"రంగు కొత్తది వదినా."

"దుప్పటి కూడా ఉంది. కప్పమంటావా?"

గడ్డపాయన పగలబడి నవ్వాడు. రాండల్ చెవులు ట్యాంకంత ఎర్రగా అయ్యాయి. దుప్పటి మాత్రం తీసుకున్నాడు.

వాన ఎలా వచ్చిందో అలాగే పోయింది. రోడ్డు పక్క వడగళ్లు ఉప్పు పోసినట్టున్నాయి. ఎండ వచ్చింది. డెల్విన్ గొంతు సర్దుకుని, "రోడ్డు ఆరిపోతుంది. కావాలంటే ఇక్కడ్నుంచి..." అన్నాడు.

గ్రేడీ ట్రైలర్ తలుపు మూసి గొళ్లెం వేసేశాడు. "ఊళ పెడితే పెట్టనీ నాన్నా. నేను అమ్మతో వస్తా."

డెల్విన్ తాళం కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు. సీటు ఇంకాస్త ముందుకి జరుపుకున్నాను. అన్నదమ్ములిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. గ్రేడీ నా పక్కన కూర్చున్నాడు.

హైవే ఎక్కాను. వెనక మూడు బైకుల బరువుతో ట్రైలర్ ఇప్పుడు బుద్ధిగా వస్తోంది. అయినా అద్దంలోకి చూస్తూనే ఉన్నాను. ఇంకా కొండలున్నాయి. రేపు పొద్దున వాడు ఆ మలుపుల్లోకి బైకు మీద పోతాడు. అది ఇప్పుడు తలుచుకోకూడదనుకున్నాను, తలుచుకున్నాను.

"అమ్మా, ముందు లారీ."

"కనబడుతోందిరా."

"కాస్త ఎడం ఉంచు."

"ఉంచాను."

పక్కకి చూశాను. వాడు తలుపు పిడిని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. కుడికాలు చాపి, బ్రేకు లేని చోట నేలని శక్తికొద్దీ నొక్కుతున్నాడు.