డిస్ మాటలు

"ఏదీ, ఇవాళ్టి మాట చెప్పు, విందాం" అన్నారు మా ఆయన, కంచం ముందు కూర్చుంటూనే. మా ఇంట్లో ఇది రోజూ ఉండే వినోదం. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చేసే ఉద్యోగానికి నేను శిక్షణ తీసుకుంటున్నాను. నోటితో పలకలేని మాట చెవికీ పట్టుబడదని మా టీచరమ్మ ఒక్కో మాటనీ పైకి పలికిస్తుంది. ఈ వారమంతా 'డిస్' మాటలు. ముందు డిస్ చేరిందంటే ఇబ్బందో, నొప్పో ఉన్నట్టు. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేషియా అంటే మాట పెగలకపోవడం. ఒక్క అక్షరం జారితే గొంతు జబ్బు కాస్తా మెదడు జబ్బవుతుంది. ఇస్త్రీ చేస్తూ, గిన్నెలు తోముతూ నేను వల్లిస్తుంటే ఆయన వెనకనుంచి వెక్కిరిస్తారు. "ఈ వయసులో నీకు నోరు తిరగదులే" అంటారు. ఆ నోటితోనే ఆయన బంధువులందరినీ ఇన్నేళ్లూ మర్యాదగా పలకరించాను.

ఇవాళ క్లాసులో టీచరమ్మ ఒక మాటని మాత్రం పలికించకుండా దాటేసింది. "అది ఇంట్లో చదువుకోండి" అంది తలెత్తకుండా. బస్సులో పుస్తకం తెరిచాను. డిస్పరూనియా. కలయికలో కలిగే నొప్పి. పెళ్లయిన కొత్తలో నొప్పిగా ఉందంటే "ఏ ఆడదానికీ లేనిది నీకేనా?" అన్నారాయన. అక్కతో చెప్పుకుంటే "పంటి బిగువున ఓర్చుకో, పిల్లలు పుడితే అదే సర్దుకుంటుంది" అంది. ఇద్దరు పుట్టారు, పెద్దవాళ్లూ అయ్యారు. ఏమీ సర్దుకోలేదు. నాలోనే ఏదో లోపమనుకుని, దిండు అంచు కొరుక్కుంటూ నెట్టుకొచ్చాను. పుస్తకంలోకి ఎక్కిందంటే నాలాంటివాళ్లు ఎంతమంది ఉండాలి! వైద్యం కూడా ఉందట. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువ.

"చెప్పవేం? మర్చిపోయావా?" ఆయన కూర వడ్డించుకుంటూ నవ్వారు. పక్కనే అత్తయ్య భోజనం చేస్తున్నారు.

"డిస్పరూనియా" అన్నాను, తడబడకుండా.

"అబ్బో! అంటే?"

అర్థం చెప్పాను. "నేను మొత్తుకున్నా మీరు నమ్మలేదే, ఆ నొప్పి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. తగ్గేదాకా నా పక్క వేరే."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మ ముందా ఈ మాటలు?" అని పళ్లు కొరికారు.

అత్తయ్య నన్ను కడిగేస్తారనే అనుకున్నాను. ఆవిడ కొడుకు వంక చూడనే లేదు. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"దానికో పేరుందా, అమ్మాయ్?" అన్నారు.