ఊరవతలి నిచ్చెన

నేను ఒక నిచ్చెనను. ఇనుపదాన్ని. ఎవరైనా నమ్మించి మోసం చేస్తే మీరు "అటక ఎక్కించి నిచ్చెన తీసేసినట్టు" అంటారు చూడండి, ఆ సామెతలో ఉన్నది మా వంశమే. ఎక్కించేదీ మనుషులే, తీసేదీ మనుషులే, చెడ్డపేరు మాత్రం మాకు. ఆ సామెత ఒకరోజు నా పట్లే నిజమవుతుందని, అదీ నాకు బాగా ఇష్టమైన మనిషి విషయంలో అవుతుందని నేను అనుకోలేదు.

నేను పుట్టింది ఘట్‌కేసర్ దారిలో, రోడ్డు పక్కన ఉన్న ఒక రేకుల షెడ్డులో. ఆరో మెట్టు అతికించే వేళకు వెల్డరు ఫోనులో బావమరిదితో గొడవపడుతున్నాడు. ఆ కోపమంతా ఆ మెట్టులోకి దిగి అది కొంచెం వంకర పోయింది. అయినా నన్ను కొన్న మనోహర్ చూసుకోలేదు. ఇల్లు కట్టుకునే మనిషికి వంకరలు కనపడవు, ఖర్చులే కనపడతాయి.

మనోహర్ సిటీలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో మిషన్ నడుపుతాడు. చిలకలగూడ గల్లీలో ఇన్నేళ్లూ అద్దె గదుల్లో బతికి, చివరికి ఊరవతల ప్లాటు కొని చిన్న ఇల్లు వేశాడు. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. మేడ మీదికి మెట్లు కట్టడానికి దాచిన డబ్బు బోరు మింగేసింది. ఆ బోరులో చుక్క నీరు పడలేదు. అలా మెట్ల ఉద్యోగం నాకు వచ్చింది. వెనక గోడకు ఆనించి నన్ను నిలబెట్టారు.

మనోహర్ భార్య అండాళు. చిలకలగూడలో ఆమె జాకెట్లు కుట్టేది. గల్లీలో ఆడవాళ్లందరి కొలతలూ ఆమెకు నోటికొచ్చు. ఎవరు లావెక్కారో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో టేపు కన్నా ముందే ఆమెకు తెలిసేది. ఇక్కడికి వచ్చాక టేపు డబ్బాలోకి వెళ్లింది. "అండాళ్ లేడీస్ టైలర్" అని రాసిన బోర్డును పాత దుప్పటిలో చుట్టి బీరువా వెనక పెట్టింది.

"గోడకు కొడదాం తీయరాదూ," అన్నాడు మనోహర్ ఒకసారి.

"ఎవలు చూడనీకి? కుక్కలు చూడనీకా?" అంది అండాళు.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ట్యాంకరు వచ్చిన రోజే నీళ్లు. చీకటి పడితే ఆటోవాడు రెట్టింపు అడుగుతాడు, అదీ మెయిన్ రోడ్డు దాకానే వస్తాడు. కొత్తిమీర కట్ట మరిచిపోతే ఆ పూట కూర కొత్తిమీర లేకుండానే తినాలి. అన్నిటికన్నా ఆమెను కొరుక్కుతిన్నది నిశ్శబ్దం. "గల్లీల ఒక్క కేకేస్తే పదిమంది వస్తుండె. ఈడ గొంతు చించుకున్నా పలికెటోడు లేడు," అని రోజూ అనేది. తన ఇంట్లో తాను ఉండటం, కిటికీ తీస్తే గాలి రావడం, ఇంటి ఓనరు ముఖం చూడక్కర్లేకపోవడం ఇవన్నీ మనోహర్ లెక్కలోకి వచ్చేవి. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే మనిషికి ఊరవతల ఇల్లు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఆ కాలనీకి మొత్తం నేనొక్కదాన్నే నిచ్చెనను. బల్బు మార్చాలన్నా, వైరు తెగినా, ట్యాంకు మూత ఎగిరిపోయినా నేనే కావాలి. మొదట్లో అడిగి తీసుకెళ్లేవారు. తర్వాత వీళ్లలో ఒక పద్ధతి ఏర్పడింది. గేటు దగ్గర ఒకసారి పిలవాలి, పలికితే చెప్పి తీసుకెళ్లాలి, పలకకపోతే తీసుకెళ్లి తర్వాత చెప్పాలి. అండాళు దానికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. శనివారం ఇనుము గేటు దాటి లోపలికి రాకూడదు. ఒక శనివారం ఎదురింటి షాహీన్ పాపం నన్ను మోసుకొస్తే, "రేపు తేమ్మా, ఇయ్యాల బయటనే పెట్టు," అని గేటులోంచే పంపేసింది. ఆ రాత్రంతా నేను రోడ్డు మీద కుక్కలకు కాపలా కాశాను.

ఏడాది గడిచింది. దసరా దగ్గర పడుతుండగా అండాళు తేల్చేసింది. చిలకలగూడలో పాత ఓనరు రెండు గదులు ఖాళీ ఉన్నాయన్నాడు. ఈ ఇంటిని అద్దెకిచ్చి వెళ్లిపోదామంది. ఆదివారం ఒక జంట ఇల్లు చూడటానికి వస్తామన్నారు. మనోహర్ సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని గోడలను చూస్తూ ఉండిపోయాడు. కిటికీలోంచి చూసిన నాకే బాధ కలిగింది.

శనివారం పొద్దున మనోహర్ డ్యూటీకి వెళ్లాడు. వచ్చేవాళ్లకు ట్యాంకు శుభ్రంగా కనపడాలని అండాళు చీపురు పట్టుకుని నా మీదుగా పైకెక్కింది. వంకర మెట్టు దగ్గర ఎప్పటిలాగే నన్ను తిట్టింది. నల్లటి ట్యాంకు మూత తీసి, నడుము దాకా లోపలికి దూరి రుద్దడం మొదలుపెట్టింది.

అప్పుడే గేటు దగ్గర నాగరత్నం పిలిచింది. ఆవిడది పాలకొల్లు వైపు. మొగుడి ఉద్యోగం వల్ల ఇక్కడ ఇల్లు కొన్నారు. బతుకమ్మ ఆడటం రాదు గానీ, ఖాళీ ప్లాటులో ఆడేచోట లైట్లు కట్టే పని తానే మీదేసుకుంది.

"అండాళుగారూ, నిచ్చెన పట్టుకెళ్తున్నానండీ."

ట్యాంకులో తల ఉన్నవాళ్లకు ఆ పిలుపు ఎలా వినపడుతుంది? పద్ధతి ప్రకారం ఒకసారి పిలిచింది. పద్ధతి ప్రకారం నన్ను ఎత్తుకుంది. నాకు నోరుంటే కాలనీ అంతా వినపడేలా అరిచేదాన్ని. అదే లేదు. సందు చివరి దాకా వెనక్కి చూస్తూనే వెళ్లాను.

ఆ తర్వాత జరిగింది నాకు అండాళు చెప్పగా తెలుసు. అంటే నాతో చెప్పలేదు, వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. తల బయటికి తీసి చూస్తే గోడ ఉంది, నేను లేను. ఫోను కింద కుట్టుమిషను మీద ఉంది. దూకుదామంటే మోకాలి నొప్పి. ఎండ నెత్తి మీదికి వస్తోంది. కాసేపు తిట్టింది, కాసేపు ఏడ్చింది. ఇక్కడ పలికేవాళ్లెవరున్నారని అరవడానికి కూడా మనసొప్పలేదట. చివరికి, పోయేదేముందని ఒక కేక వేసింది.

షాహీన్ తన మేడ మీద బట్టలు ఆరేస్తోంది.

"ఏమైందక్కా?"

"నిచ్చెన పోయిందే. దిగరాకున్న."

షాహీన్ బకెట్టు అక్కడే వదిలేసింది. పిట్టగోడ దగ్గరికి వచ్చి పక్క మేడ వైపు తిరిగి గొంతెత్తింది. "నిచ్చెన ఎవరింట్ల ఉంది? అండాళక్క పైన ఇరుక్కుంది." ఆ మేడ మీది వాళ్లు అవతలి మేడకు చెప్పారు. ఇళ్ల మధ్య ఖాళీ ప్లాట్లు ఉన్నా మేడల మధ్య అడ్డేముంది? మాట ఒక్కో ఇల్లూ దాటి నా దాకా వచ్చేసరికి నాగరత్నం నా చివరి మెట్టు మీద నిలబడి బల్బుల తీగ కడుతోంది.

"అయ్యో నా మతి మండా, ఆవిడ పైనున్నారా?" అంటూ దిగింది. నన్ను ఎత్తడానికి ఎంతమంది వచ్చారో. ఒక్కరు మోస్తే సరిపోయే దానికి అందరూ తలా ఒక చెయ్యి వేశారు. నా బతుకులో అంత ఊరేగింపు ఎన్నడూ చూడలేదు.

తీరా గేటు దగ్గరికి వచ్చాక అందరూ ఆగిపోయారు. అప్పటికి తన మేడ దిగి వచ్చిన షాహీన్ తల పైకెత్తి భయంభయంగా అడిగింది. "అక్కా, ఇయ్యాల శనివారం. లోపలికి తేవాల్నా, బయటనే పెట్టాల్నా?"

పైన అండాళు కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "శనేమో నాతోటే ఈడ పైన కూసున్నది. మీరు నిచ్చెన తేండ్రి."

ఆమె దిగేటప్పుడు వంకర మెట్టును నాగరత్నం రెండు చేతులతో పట్టుకుంది. దిగాక ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. షాహీన్ నిమ్మకాయ నీళ్లు తెచ్చింది. ఎవరో మజ్జిగ తెచ్చారు. నాగరత్నం మూడుసార్లు క్షమాపణ అడిగి, నాలుగోసారి తన జాకెట్టు భుజం దగ్గర పట్టేస్తోందని చెప్పింది. అండాళు చెయ్యి తనకు తెలియకుండానే ఆ భుజం మీదికి వెళ్లింది. "చంక కాడ తప్పు కోసిండ్రు," అంది. లోపలికి వెళ్లి డబ్బాలోంచి టేపు తీసింది.

ఆదివారం ఇల్లు చూడటానికి ఆ జంట వచ్చారు. గదులు నచ్చాయి. వెళ్లబోతూ ఆ అమ్మాయి అడిగింది. "ఇక్కడ ఎట్లుంటదక్కా? అవసరం పడితే ఎవరన్న పలుకుతరా?"

అండాళు ఉన్నదున్నట్టు చెప్పింది. ట్యాంకరు గురించి, ఆటోవాడి గురించి, కొత్తిమీర గురించి. మనోహర్ తల వంచుకుని విన్నాడు. చివర్లో ఆ అమ్మాయి అడిగినదానికి వచ్చింది.

"పలుకుతరమ్మా. జర ఆలస్యమైతది. గని అందరు వస్తరు." తర్వాత మొగుడి వైపు చూడకుండానే అంది. "అటు పక్క గల్లీల ఒక ఇల్లు ఖాళీగున్నది, చూపిస్త రా. దీంట్లయితే మేమే ఉంటున్నం."

వాళ్లు గేటు దాటగానే మనోహర్ ఇంటి వెనక్కి వచ్చి నన్ను తీసుకెళ్లి ముందు గోడకు ఆనించాడు. బీరువా వెనక నుంచి దుప్పటి మూట తెచ్చాడు. తిరిగొచ్చాక మేకులు కొట్టింది మాత్రం అండాళే. బోర్డు కాస్త వంకరగా వచ్చింది. నాకు తోడు దొరికిందని సంతోషించాను.

మెట్లు ఇంకా కట్టలేదు, బోరులో నీళ్లు ఇంకా లేవు. నా కాళ్లకు తుప్పు పడుతోంది. అయినా ఇళ్లు తిరగడం మానలేదు. పద్ధతి మాత్రం మారింది. ఇప్పుడు నన్ను ఎవరు తీసుకెళ్లాలన్నా ముందు తల ఎత్తి, "పైన ఎవరన్నా ఉన్నారా?" అని గట్టిగా అడిగి, కాసేపు ఆగి మరీ ఎత్తుకుంటారు.